తమ్ముడి ఎడమ చెవి

మొన్న మహబూబాబాద్‌లో మా మేనకోడలి కొడుకు పెళ్లి ఊరేగింపులో, కిటికీ అద్దాలు వణికేంత చప్పుడుతో డీజే బండి కదులుతుంటే, నా ఈడువాళ్లంతా గుండె మీద చెయ్యి వేసుకుని రోడ్డుకు అవతలి పక్కకు తప్పుకోగా, మా తమ్ముడొక్కడు మాత్రం ఆ నల్లటి సౌండు బాక్సుల పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని, చల్లగాలికి వచ్చినట్టు నడిచాడు. చూసినవాళ్లు వాడి ఓపికను మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. బాక్సులున్నది వాడి ఎడమ చెవి వైపు. ఆ చెవి సంగతి నాకు తెలుసు.

నా ఉద్యోగమంతా భూపాలపల్లి బొగ్గుబావుల దగ్గర, బావికి గాలి ఆడించే పెద్ద పంకా ఉండే ఫ్యాన్ హౌస్‌లో గడిచింది. అక్కడ షిఫ్టు చేసినవాడికి ఇంటికి వచ్చి పడుకున్నా చెవిలో తుమ్మెద తిరుగుతూనే ఉంటుంది. చెవుల్లో పెట్టుకోవడానికి పసుపుపచ్చ దారంతో ఇయర్ ప్లగ్గులు ఇచ్చేవారు, మేము వాటిని బిరడాలు అనేవాళ్లం. బిరడాలు పెట్టుకోవడం ఆడంగితనమని నవ్విన మా సీనియర్లు, రిటైరయ్యేనాటికి భార్యతో మామూలుగా మాట్లాడినా దారిన పోయేవాళ్లు తగాదా అనుకుని తొంగి చూసేవారు. నేను మాత్రం వాటిని రోజూ సబ్బునీళ్లతో కడిగి, మార్చిన తేదీని డైరీలో రాసుకునేవాణ్ని. రాసుకునే అలవాటున్న మనిషికి అనుమానం కూడా ఒక అలవాటే.

సకల జనుల సమ్మెలో బావులు మూతపడ్డప్పుడు నేను జనగామలో తమ్ముడింటికి వచ్చాను. వాడికి మైకు సెట్టు దుకాణం ఉండేది. బస్టాండు దారిలో వేసిన రిలే దీక్షల టెంటుకు సెట్టును కిరాయి లేకుండా ఇచ్చి, తానే దగ్గరుండి నడిపేవాడు. పొద్దున మొదలైన పాటలు పొద్దుగూకేదాకా ఆగేవి కావు. వైరు పొట్టిది కావడంతో యాంప్లిఫయరు పెట్టిన చోటే గుంజకు మైకు హారన్ కట్టి, దాని కిందే, ఎడమ చెవి అటువైపు వచ్చేలా స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

వచ్చిన రోజే నాకు అనుమానం తగిలింది. ఫోను మోగితే ఎడమ చేత్తో తీసి కుడి చెవికి మార్చుకుంటున్నాడు. అడిగితే జలుబన్నాడు. జలుబు ఒక్క చెవినే పట్టుకుని వేలాడదని నాకు తెలుసు గనుక, ఆ పూట భోజనంలో వాడికి ఎడమ పక్కన కూర్చుని మెల్లగా పచ్చడి అడిగాను. వాడు తలెత్తకుండా తింటూనే ఉన్నాడు. కుడి పక్కకు మారి అదే గొంతుతో అడిగితే గిన్నె జరిపాడు. వడ్డిస్తున్న మా మరదలు నవ్వింది.

“నేనైతే ఎప్పుడో కుడి పక్కకు మారిన బావా!”

సగం వినికిడి ఇంకా మిగిలి ఉంది కదా, దాన్నైనా కాపాడాలని నా సంచిలోని కొత్త బిరడాల జత ఇచ్చి, మర్నాడు దగ్గరుండి పెట్టించాను.

ఆ రోజుల్లో నమస్కారం పోయి దాని చోట “జై తెలంగాణ” వచ్చింది. ఎదురైనవాడు అంటే మనం తిరిగి అనాలి. అననివాణ్ని జనం రెండోసారి చూసేవారు. టెంట్లలోకి పోలీసులు తమ మనుషులను పంపుతున్నారన్న పుకారు కూడా ఉండేది. ఆ పూట నర్మెట్ట నుంచి వచ్చిన ఒక పడుచువాడు వెనక నుంచి జై కొడితే తమ్ముడు పలకలేదు. ముందుకు వచ్చి చూస్తే మెడ మీద పసుపు దారం కనిపించింది.

“పలుకవేందే? చెవుల గదేంది, పోలీసోళ్ల మిషినా?”

బొగ్గుబావి సామాను అని నేను అడ్డుపడ్డాను. అది ఇంకా తప్పయింది. ముందు వరసలో దీక్షలో కూర్చున్న ఒక పటేలు, నేను వచ్చినప్పటి నుంచీ నన్ను ఓ కంట కనిపెడుతున్నవాడు, పాట ఆపించాడు.

“సమ్మెల ఉన్నోనికి కంపెనీ సామానెక్కడిది? సాటుకు డ్యూటీకి పోతున్నవా ఏంది?”

సమ్మెకు ముందు ఇచ్చినవని చెప్పాను. టెంటులో ఒక్కరి ముఖమూ మెత్తబడలేదు. అప్పుడు తరిగొప్పుల దగ్గరి తండా నుంచి దీక్షకు వచ్చిన ఒక అవ్వ లేచి వచ్చి, తమ్ముడి కుడి చెవిలోని బిరడాను తీసి, కొంగుతో తుడిచి, తన చెవిలో దోపుకుని పటేలును మాట్లాడమని సైగ చేసింది.

“ఓర్ని, పటేలు లొల్లి సగం తక్కువైంది! గిసుంటిది నాగ్గూడ ఒకటియ్యి బిడ్డా, మా ముసలోని గురకకు పనికొస్తది.”

టెంటంతా నవ్వింది, పటేలు కూడా నవ్వాడు. వాళ్లకు అక్కడితో అయిపోయింది, తమ్ముడికి కాలేదు. అవ్వ చెవిలోది తీసుకుని, రెండో బిరడా కూడా పీకి నా అరచేతిలో పెట్టాడు.

“మన పాటకే చెవులు మూసుకున్నడంటే నేను యాడ తలెత్తుకోవాలె అన్నా? ఉండనియ్యి.”

పాట పెట్టి, సౌండు ముందుకన్నా ఇంకాస్త పెంచాడు. మర్నాడు నేను బజారుకు పోయి పొడుగు వైరు కొని తెచ్చాను, హారన్‌నైనా దూరపు గుంజకు మార్చమని. ఆ చుట్ట విప్పనేలేదు. హారన్ కింద కూర్చోవడం అప్పటికి వాడికి పని కాదు, నిజాయితీకి సాక్ష్యం.

రాష్ట్రం వచ్చాక దవాఖానకు తీసుకుపోతే, చెవి లోపలి నరం చచ్చిందనీ పోయిన వినికిడి తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. “పోతే పోయిందన్నా, రాష్ట్రమొచ్చింది గదా” అని వాడు నవ్వాడు. ఆ నవ్వును నేను ఈనాటికీ పూర్తిగా నమ్మను. ఇప్పుడు కుడి చెవి కూడా మందగిస్తోంది. సభల్లో పక్కవాళ్ల చేతులు చూసి చప్పట్లు కొడతాడు. ఆ చిన్న ఆలస్యాన్ని నేను పట్టుకుంటానని వాడికీ తెలుసు.

అనుమానాల కాలమని ఆ రోజులను ఇప్పుడు తేలిగ్గా అంటాం గాని, ఎవరు పలికారో ఎవరు పలకలేదో చెవి ఒగ్గి వినేవాళ్లం, పలకనివాణ్ని ఆపి ఎందుకని నిలదీసేవాళ్లం. ఇప్పుడు జనగామ బజారులో ఎవరైనా పిలిస్తే మా తమ్ముడు పలకకుండానే సాగిపోతాడు. పిలిచినవాళ్లు కూడా తమ దారిన తాము సాగిపోతారు.