సంతకం లేని బండ

మా డ్రాయింగ్ మాస్టారు ఖాజాగూడ బండల్ని గీసేవారు. అక్కడ రాళ్లు కొట్టేవాళ్లు చూసి, ఇది ఫలానా బండ అని గుర్తుపట్టేదాకా ఏ బొమ్మ మీదా సంతకం పెట్టేవారు కాదు.

డెబ్భైల్లో నగరంలో జరిగిన ఒక బండల చిత్రాల ప్రదర్శనలో అలా సంతకం లేకుండానే ఆయన బొమ్మ గోడకెక్కింది. చూసి చెప్పమని, రాళ్లు కొట్టే ఒకామెను వెంటబెట్టుకొచ్చారు. కాళ్లకు దుమ్ముందని నిర్వాహకుడు ఆమెను గుమ్మంలోనే ఆపేశాడు. గోడల నిండా బండలే, బండ కొట్టే మనిషికి మాత్రం చోటు లేదట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మాస్టారు లోపలికి వెళ్లి, బొమ్మ దించి తెచ్చి మెట్ల మీద పెట్టారు.

"గిది మా బండనే సారూ. గీ పగులు నా సుత్తె దెబ్బనే," అందామె.

ఆయన అక్కడే కూర్చుని సంతకం పెట్టారు.

"ఇక లోపల పెట్టించండి మాస్టారూ, అతిథులు వచ్చేస్తున్నారండి," అన్నాడు నిర్వాహకుడు.

"ఆమెను రానియ్యని కాడ ఆమె బండ ఎందుకు?" అని మాస్టారు బొమ్మ ఆమె చేతికిచ్చారు. ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు.

గుమ్మం లోపల నిలబడ్డ నేను మాత్రం వాళ్ల వెంట గుమ్మం దాటలేదు. లోపల నా బొమ్మ ఉంది. అదీ ఖాజాగూడ బండే. కింద నా సంతకం పెద్దగానే ఉంది. ఆ బండ ఎవరు కొడుతున్నారో నేనెన్నడూ అడగలేదు.