పేరు అడిగిన డాక్టరమ్మ

తెలంగాణ ఉద్యమ రోజుల్లో ఒకసారి రాస్తారోకో వల్ల మా బస్సు గచ్చిబౌలిలో ఆగిపోయింది. మా ఆయన పోయాక నేను ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్న రోజులవి. ప్రతిసారీ బాగానే ఉన్నానని చెప్పి వచ్చేసేదాన్ని.

ఆ డాక్టరుండే ఆస్పత్రి పేరు చెప్పి, అక్కణ్ణుంచి ఎలా వెళ్లాలని కండక్టరును అడుగుతుంటే, నా యాస విని పక్క సీట్లోని పెద్దామె నావైపు తిరిగింది.

"గా దవాఖానకు నేను సుత పోయిన బిడ్డా. ఉద్యమంల నా కొడుకు పానం తీసుకున్నడు. డాక్టరమ్మ నీ లెక్కనే ఆంధ్రా దిక్కామె. ఆమె మాట వినంగనే నా నోరు మూసుకపోయింది. ఒకనాడు, 'నా మీద కోపముంటే అదే చెప్పండి' అన్నది. మస్తు తిట్టిన. అంతా ఇని, 'మీ బాబు పేరేంటండి?' అనడిగింది. ఎట్ల సచ్చిండని అందరడిగిన్రు గానీ, వాని పేరు ఎవ్వరడగలే."

"నాకూ చెప్తారా అండీ?" అన్నాను.

ఆమె ఆ పేరు రెండుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రం మా డాక్టరు "ఎలా ఉన్నారు?" అని అడిగితే, "మీ మీద నాకింకా నమ్మకం కుదరలేదండి" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. తొందరేం లేదన్నట్టు తలూపి కూర్చున్నారు. కాసేపటికి మా ఆయన గురించి చెప్పడం మొదలుపెట్టాను.