ముందే చెప్పిన స్తోత్రం

మాది మార్కాపురం. ఆరేళ్లు త్రిపురాంతకం అవతల ఒక పల్లెలో టీచరుగా చేసినాను. పొద్దునా సాయంత్రం బస్సు కోసం పడిగాపులే. ఈ వేసవిలో బదిలీల జాబితా రాకముందే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టించినాను. విశ్వాసమంటే అట్ల ఉండాలని నా లెక్క. 'మార్కాపురం బదిలీ ఇచ్చిన దేవునికి స్తోత్రం' అని గేటుకు ఫ్లెక్సీ కూడా కట్టించినాను. దేవుడు మాట మార్చకుండా వీధి మొత్తం సాక్ష్యం ఉండాలి గదా!

పాస్టరు అయ్యగారు మార్కాపురం పేరెత్తి మరీ స్తుతిస్తుండగా ఫోన్‌లో బదిలీ మెసేజ్ వచ్చింది. ఒక కన్ను తెరిచి చూసినాను. బేస్తవారిపేట దగ్గర పల్లె! అందరూ ఆమెన్ అన్నారు. నేను ఫోన్ బోర్లా పెట్టినాను.

భోజనాల దగ్గర చెప్పక తప్పలేదు. బిరియానీ వడ్డించే చెయ్యి ఆగిపోయింది. అయ్యగారు గొంతు సవరించుకున్నారు.

"ఇంక ఈ స్తోత్రం ఎందుకు అయ్యగారూ?" అన్నాను ఏడుపు గొంతుతో.

ముక్క కొరుకుతున్న మా మరియమ్మ పెద్దమ్మ తలెత్తింది. "ఏందమ్మే, ఇచ్చిన స్తోత్రం వెనక్కి తీసుకుంటావా? మార్కాపురం ఇస్తానని ఆయన చెప్పినాడా, నువ్వే ఫ్లెక్సీ ఏయించినావా?"

ముందు అయ్యగారు నవ్వినారు, తర్వాత ఇల్లంతా. చివరికి నాకూ ఆగలేదు. ఆరేళ్లలో అంత తేలిగ్గా నవ్విన గుర్తు లేదు.

ఇప్పుడు అదే బస్టాండులో వేరే బస్సు కోసం నిలబడుతున్నాను. దేవునికి స్తోత్రం ఇప్పటికీ ముందే చెప్తాను. ఊరి పేరు చెప్పడం మాత్రం మానుకున్నాను.