ఈశాన్యం బోరు

మా పక్కింటి లక్ష్మీకాంతం గారు ఇల్లు కొన్న నాటి నుంచి వాళ్ళావిడ సుగుణ ఒకటే మాట చెబుతూ వచ్చింది, కింద గదిలో కిరసనాయిలు వాసన వస్తోందని. ఆయన వినలేదు. ఆయనకు వినికిడి లోపమేమీ లేదు. ఎప్పుడూ ఎవరికో ఒకరికి సలహా చెబుతూ ఉండటం వల్ల వినడానికి తీరిక దొరకలేదు, అంతే.

కెనడాలో మా ఊరు గ్వెల్ఫ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఆయన పేరు తెలియనివాళ్ళు లేరు. ఇల్లు కొనాలన్నా, సోఫా జరపాలన్నా, ఆఖరికి బేస్‌మెంట్‌లో అద్దెకు దిగే స్టూడెంట్ తల ఎటు పెట్టుకుని పడుకోవాలన్నా ఫోను ఆయనకే వెళుతుంది. సొంతూరు ఏలూరు. న్యూజెర్సీలో గ్రీన్‌కార్డు కోసం కాచుకుని కాచుకుని విసిగి కెనడా వచ్చారు. మార్కమ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ మేనేజరుగా చేసి రిటైరయ్యారు. అంటే, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఆయన వృత్తి. తన లెక్కలో మాత్రం ఒక్క తప్పూ ఆయనకు ఏనాడూ దొరకలేదు.

వాస్తు పండితుడిగా ఆయనకు పేరు వచ్చింది గోపీకృష్ణ అనే కుర్రాడి వల్ల. అతను ఇక్కడే స్థిరపడటానికి ఇచ్చే పీఆర్‌కు అప్లై చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నాడు. లక్ష్మీకాంతం గారు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, ఫోన్లో దిక్సూచి తెరిచి, ఈశాన్యం మూలనున్న చెప్పుల స్టాండు తీయించారు. ఆ నెలలోనే పీఆర్ వచ్చింది. వరస ప్రకారం ఎలాగూ ఆ నెలలోనే రావాలని గోపీకృష్ణకూ తెలుసు. అయినా ఊరంతా చెప్పుల స్టాండు మహిమ చాటాడు. ఆ తర్వాత ఈయనను పట్టేవాళ్ళు లేకపోయారు.

ఇల్లు కొన్నది కొవిడ్ రోజుల్లో, జనం ఇళ్ళ కోసం ఎగబడుతున్నప్పుడు. మా వీధిలో ఇళ్ళన్నీ డెబ్భై ఏళ్ళ నాటివి. ఇన్‌స్పెక్షన్ చేయించాలని షరతు పెడితే ఇల్లు చేజారిపోతుందని, బేరం కుదిర్చే రియల్టర్ భయపెట్టాడు. "ఇన్‌స్పెక్షన్ నేను చేసేశానుగా" అన్నారు ఈయన, ఫోన్లో దిక్సూచి చూపిస్తూ. రియల్టర్ పంజాబీ. అతనికేం అర్థమైందో గానీ ఆనందంగా సంతకాలు పెట్టించుకున్నాడు.

ఆయనను అంతగా మురిపించింది ఇంటి వెనక ఈశాన్యం మూలన, గోడ పక్కనే, నేలలోంచి మోకాలెత్తున లేచిన ఇనుప గొట్టం. దానికి తుప్పుపట్టిన మూత. ఈశాన్యంలో నీళ్ళుంటే ఆ ఇంటికి తిరుగులేదంటారు వాస్తు చెప్పేవాళ్ళు. ఆ మూల బోరు వేయించడం కోసం మన ఊళ్ళలో ప్రహరీలు పడగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఇక్కడ ఎవరో తెల్లాయన ఏ శాస్త్రమూ చదవకుండా సరిగ్గా అక్కడే బోరు వేసిపెట్టాడు! లక్ష్మీకాంతం గారి కళ్ళు చెమర్చాయి. గృహప్రవేశం నాడే గొట్టానికి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఉగాదికి ప్లాస్టిక్ తోరణం కట్టారు. వచ్చినవాళ్ళంతా దాని చుట్టూ ప్రదక్షిణం చేసి పులిహోర తిని వెళ్ళేవాళ్ళు. నేనూ చేశాను. సుగుణ పులిహోర అంత బాగుంటుంది.

"నీళ్ళు ఎలా ఉంటాయండీ?" అని ఎవరైనా అడిగితే, "మూత తియ్యకూడదండీ, ఇక్కడ దానికి లైసెన్సుండాలి" అనేవారు. ఏ లైసెన్సో ఆయనకే తెలియాలి.

ఇక సుగుణ సంగతి. ఆమెది బాపట్ల. వత్తుల స్టవ్ మీద వంట చేసుకునే ఇంట్లో పెరిగింది. రేషన్ షాపు ముందు డబ్బాతో నిలబడి, కిరసనాయిలు పావడా మీద ఒలికితే తల్లిచేత తిట్లు తిన్న మనిషి. ఆ వాసన విషయంలో ఆమె పొరబడుతుందా? మంచు కరిగే రోజులు వస్తే చాలు, బేస్‌మెంట్‌లో ఈశాన్యం గదిలో నిలబడలేకపోయేది. తలనొప్పితో పైకి వచ్చి కిటికీలు తెరిచేది. ఈయన ఒకసారి పాత కార్పెట్ వాసన అన్నారు. కార్పెట్ పీకించారు. తర్వాత అగరబత్తులు అన్నారు. చివరికి "ఈ వయసులో ఆడవాళ్ళకు లేని వాసనలు తెలుస్తాయట, యూట్యూబ్‌లో చెప్పారు" అన్నారు. సుగుణ ఆ మాట నాకు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం నవ్వేసి ఊరుకుంది. అదే నాకు ఇంకా కోపం.

ఒక వసంతంలో బేస్‌మెంట్ మూలన, నేలలో ఊరే నీళ్ళు చేరే సంప్ గుంటలో, నీళ్ళ మీద రంగురంగుల తెట్టు తేలింది. ఆమె పిలిచి చూపిస్తే, "ఇంట్లో ఇంద్రధనుస్సు! ఎంత శుభం!" అని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. నలభైమంది దండాలు పెట్టారు.

ఇలాగే సాగిపోయేదేమో. ఈ ఏడాది వాళ్ళమ్మాయి అనన్య కడుపుతో ఉంది. ఓక్‌విల్‌లో ఉంటుంది. కాన్పు ఆసుపత్రిలోనే అయినా, ముందూ వెనకా పుట్టింట్లో ఉంటానని తనే అడిగింది. పైన గదులు ఇరుకు. కింద ఈశాన్యం గది పెద్దది, బాత్రూం కూడా అక్కడే. పసిబిడ్డకు అంతకంటే మంచి గది లేదని లక్ష్మీకాంతం గారు తీర్పు చెప్పి ఉయ్యాల కూడా కొనేశారు.

"ఆ గదిలో పసిగుడ్డును పడుకోబెట్టను" అంది సుగుణ. "ఆ వాసన సంగతి తేలేదాకా నా కూతురు ఈ గడప తొక్కదు."

"అయితే పురుడు ఎక్కడ పోస్తావు?"

"అక్కడే, ఓక్‌విల్‌లో. నేనే వెళతాను. మీరు ఇక్కడ మీ బోరు పక్కన ఉండండి."

పెళ్ళయినప్పటి నుంచి ఆమె అంత మాట అనడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన దాన్ని కూడా వయసు ఖాతాలో వేశారు.

జూన్‌లో ఒక శనివారం ఆమె కంచె దగ్గరకు వచ్చి అడిగింది. "హైమా, మీ ఆయన దగ్గర పైపు పానా ఉందా?"

నేను ఎందుకని అడగలేదు. పానా తీసుకుని వెళ్ళాను. మూత చుట్టూ కొబ్బరినూనె పోసి, ఇద్దరం పానా పట్టుకుని వేలాడాం. పసుపు చేతులకు అంటుకుంది. చివరికి కిర్రుమని తిరిగింది. సుగుణ సొరపాదుకు పాతిన వెదురు కర్రను పీకి, చివర పాత చీర ముక్క చుట్టి, గొట్టంలోకి దింపింది.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి లక్ష్మీకాంతం గారి గొంతు. మార్కమ్‌లో మధుసూదన్ గారని, కొత్తగా ఇల్లు చూస్తున్నాయన, ఆయనతో వీడియో కాల్. "ఈశాన్యంలో నీళ్ళుండాలండీ. చెబితే ఏం తెలుస్తుంది? మా బోరు చూపిస్తా, ఉండండి" అంటూ ఫోను చేత్తో పట్టుకుని పెరట్లోకి వచ్చేశారు. వచ్చి, మమ్మల్ని చూసి కొయ్యబారిపోయారు.

"సుగుణా! మూత తియ్యకూడదని చెప్పానా లేదా?"

ఆమె కర్ర పైకి లాగింది. చీర ముక్క ముదురు గోధుమరంగులో తడిసి చుక్కలు కారుతోంది. తీసుకెళ్ళి ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఇదిగోండి మీ గంగమ్మ."

ఆయన వాసన చూశారు. దగ్గారు. ఫోన్లోంచి మధుసూదన్ గారి కేక వినిపించింది. "ఏంటండీ అది, ఆయిలా? మీ ఈశాన్యంలో ఆయిల్ పడిందా అండీ?"

సాయంత్రానికి గ్రూపు నిండా అభినందనలు. పక్కనే ఉత్తరం, కుబేర స్థానం కదా అని ఒకరు, పార్టీ ఎప్పుడని ఇంకొకరు, పక్కవాళ్ళ స్థలం కూడా కొని పడెయ్యమని మరొకరు. పక్కవాళ్ళంటే మేమే. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన ముఖంలో కొంచెం ఆశ కూడా కనిపించిందని సుగుణ ఒట్టేసి చెబుతుంది.

ఆశ సోమవారం దాకా కూడా నిలవలేదు. సుగుణ పిలిపించిన, నేలలో పాతిన ఆయిల్ ట్యాంకులు తీసే కంపెనీ మనిషి వచ్చి గొట్టాన్ని చూడగానే చెప్పేశాడు. ఒకప్పుడు ఈ ఇళ్ళను చలికాలం వెచ్చబెట్టింది కిరసనాయిలు లాంటి ఆయిలే. పెరట్లో ట్యాంకు పాతి, ఈ గొట్టంలోంచి పోసేవాళ్ళు. తర్వాత గ్యాస్ వచ్చింది, ఫర్నేస్ మారింది, ట్యాంకు మీద గడ్డి మొలిచింది, అందరూ మరిచిపోయారు. లోపల మిగిలిన ఆయిల్ మాత్రం మరిచిపోలేదు. తుప్పు తిన్నచోట నుంచి మట్టిలోకి, మట్టి నుంచి ఇంటి పునాది వైపు నడుచుకుంటూ వచ్చింది. మంచు కరిగి నేలలో నీళ్ళు పైకి వచ్చినప్పుడల్లా గదిలోకి తొంగి చూసింది. ఈ ఊరంతా నేలలోని నీళ్ళే తాగుతుంది కాబట్టి ప్రభుత్వానికి వెంటనే కబురు చెయ్యాలన్నాడు. చేశారు. వచ్చే వారమే తవ్వుతామన్నాడు.

"ఆషాఢం వస్తోంది, అది వెళ్ళాక చూద్దాం" అన్నారు లక్ష్మీకాంతం గారు.

నేను అక్కడే ఉన్నాను. సుగుణ గొంతు పెంచలేదు. "మీ మనవడో మనవరాలో ఆషాఢం చూసుకుని కడుపులో ఆగుతారా? ఇది శంకుస్థాపన కాదండీ. మురికి కడుక్కోవడం. దానికి ముహూర్తమేంటి?" అంది. ఆయన తల ఊపారు. 

ఆ రాత్రి అనన్యకు ఫోన్ చేసి చెప్పారట. ఆ పిల్ల రెండుసార్లు చెప్పించుకుందట. తర్వాత, "వెయిట్, నాన్నా. యూ డిడ్ పూజా టు ఎన్ ఆయిల్ ట్యాంక్?" అంది.

"ట్యాంకని తెలియదు కదమ్మా."

"అమ్మ టోల్డ్ యూ. ఎవ్రీ స్ప్రింగ్ షీ టోల్డ్ యూ."

ఆయన ఫోను సుగుణ చేతికి ఇచ్చేశారట.

తవ్విన రోజు వీధి వీధంతా వచ్చి నిలబడింది. యంత్రం లోపలికి రావడానికి మా కంచె ఊడదీశారు. నా గోంగూర మడి మొత్తం పోయింది, ఆ సంగతి నేను ఇప్పట్లో మరిచిపోను. ట్యాంకులో మిగిలింది పంపుతో తోడేసి, గొలుసులు కట్టి పైకి లేపారు. గాలిలో ఊగుతున్న ఆ తుప్పు డొక్కుకు అంటిన గొట్టం మీద పసుపు, కుంకుమ, ప్లాస్టిక్ తోరణంలో ఒక ఆకు ఇంకా అలాగే ఉన్నాయి. అడుగున వేలు పట్టేంత కన్నాలు. కింద మట్టి నల్లగా, బూడిదరంగుగా ఉంది. ఆ వాసనకు ఎదురింటివాళ్ళు ముక్కు మూసుకుని తలుపులు వేసుకున్నారు.

సుగుణ మూసుకోలేదు. గట్టున నిలబడి గుండెల నిండా పీల్చింది, పీల్చి ఏడ్చేసింది. నేను కంగారుపడి భుజం పట్టుకున్నాను.

"నా ముక్కే చెడిపోయిందేమో అనుకోవడం మొదలుపెట్టాను హైమా" అంది. "నాకే ఏదో అయిందేమోనని డాక్టరు దగ్గరకు కూడా వెళ్ళొచ్చాను, ఆయనకు చెప్పకుండా."

నాకూ ఏడుపొచ్చింది. అవతల లక్ష్మీకాంతం గారు మేస్త్రీని పట్టుకుని, గుంట పూర్తిగా పూడ్చకుండా వదిలేస్తే మంచిదనీ, ఈశాన్యం పల్లంగా ఉండటం చాలా శ్రేష్ఠమనీ ఇంగ్లీషులో నచ్చజెబుతున్నారు. పల్లంగా వదిలితే వాన నీళ్ళన్నీ మీ బేస్‌మెంట్‌లోకే వస్తాయని అతను చెబుతున్నాడు. సుగుణ కళ్ళు తుడుచుకుని ఆ వైపు ఒక్క చూపు చూసింది. ఆయన గుంట పూడ్చడానికి ఒప్పుకున్నారు.

నల్లమట్టిని లారీల్లో తీసుకెళ్ళారు. గుంట గోడల నుంచి, అడుగు నుంచి మట్టి తీసి ల్యాబ్‌కు పంపారు. ఇంటి గోడ వైపు మట్టి ఒక్కటే శుభ్రంగా లేదని తేలింది. అంటే ఆయిల్ గది కింద దాకా పాకింది. గది నేల ఒక మూల పగలగొట్టి, మళ్ళీ తవ్వి, మళ్ళీ పంపారు. అప్పటికి అనన్యకు తొమ్మిదో నెల. ఆ ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో సుగుణ ఓక్‌విల్ వెళ్ళడానికి పెట్టె సర్దుకుని హాల్లో పెట్టింది. ఆయన దాన్ని రోజూ చూస్తూ, దాని పక్కగా తప్పుకుని నడిచేవారు. ఏ దిక్కున పెట్టిందో మాత్రం ఏమీ అనలేదు.

రెండోసారి మట్టి శుభ్రమని వచ్చింది. కొత్త మట్టి పోసి, నేల మూసి, రంగులు వేశారు.

ఆ వారాంతం తెలుగు అసోసియేషన్ పాట్‌లక్‌లో లక్ష్మీకాంతం గారు మళ్ళీ తేరుకున్నారు. "ఇంటి వాస్తు అంత బలంగా ఉంది కాబట్టే దోషం తనంతట తానే బయటపడింది" అని వివరిస్తున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతున్నారు. మన జనానికి తల ఊపడం అలవాటే కదా.

"తనంతట తాను బయటపడలేదు" అంది సుగుణ, పులిహోర గిన్నె బల్ల మీద పెడుతూ. "నేను బయటపెట్టాను."

అందరూ గరిటెలు ఆపేశారు. మధుసూదన్ గారు పళ్ళెంతో ఆమె దగ్గరకు వచ్చి, "సుగుణ గారూ, మేం తీసుకుందామనుకుంటున్న ఇంట్లో లాండ్రీ గదిలో ఏదో వాసన వస్తోందండీ. ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నారు. ఆ తర్వాత వరస కట్టారు. వాళ్ళకు కావలసింది ఎవరో ఒక పండితుడు, అంతే.

మర్నాడు అనన్య వచ్చింది. కారు వాకిట్లో ఆగింది. నేను కాన్పయ్యాక పనికొస్తుందని వెల్లుల్లి కారం పట్టుకుని అప్పుడే వెళ్ళాను. సుగుణ కూతుర్ని దిగనివ్వలేదు. "ఒక్క నిమిషం అక్కడే ఉండమ్మా" అని లోపలికి వెళ్ళి, కింద ఈశాన్యం గదిలోకి దిగి తలుపు వేసుకుంది. లక్ష్మీకాంతం గారు మెట్ల పైన నిలబడ్డారు. ఫోను జేబులోనే ఉంది. తియ్యలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఎలా ఉంది సుగుణా?" అన్నారు.

"ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి అడగడం" అంది ఆమె. "మీరే దిగి చూసుకోండి."

ఆయన దిగలేదు. పై మెట్టు మీద చెయ్యి ఆనించి కూర్చున్నారు. "నాకేం తెలుస్తుంది? నువ్వు చెప్పు" అన్నారు.

సుగుణ ఆయన వంక చూసింది. తర్వాత పైకి వచ్చి, ఆయన పక్కనుంచి దాటి, వాకిలి తలుపు బార్లా తెరిచింది.

"రామ్మా అనన్యా" అంది. "కుడికాలు, ఎడమకాలు ఏమీ లేదు. మెల్లగా వచ్చెయ్."