దీపాల ప్రార్థన

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ఊరవతల బాటసింగారం పోతుందన్న కబురు మాకు మొదట తెచ్చింది మా పక్కింట్లో కిరాయికుండే అక్క. మార్కెట్లో బత్తాయిలు ఏరి, పెద్దవీ చిన్నవీ వేరు చేయడం ఆమె పని. నడిచిపోయి నడిచొచ్చేది. ఆ సాయంత్రం మా గడప మీద కూర్చున్నప్పుడు ఆమె దిగులు పని గురించి కాదు.

"ఇగ నాకు దీపాల ప్రార్థన దొరకదు, అవ్వా. ఎల్బీ నగర్ల బస్సు దిగేసరికే ఏడు దాటుతది."

అవ్వ అంటే మా అమ్మమ్మ. నేను బడికి పోలేదు. అక్షరాలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. రోజూ పొద్దుమూకే వేళ నాలుగిళ్ల ఆడవాళ్లు మా ఇంట్లో కూర్చుంటే నేను బైబిలు వాక్యం చదివేదాన్ని. అక్కకు చదువు రాదు. దేవుని మాట ఆమె చెవిన పడేది ఆ అరగంటే.

ఏడున్నరకు పెట్టుకుందామని నేనంటే మిగిలినవాళ్లు ఒప్పుకోలేదు. వంటలుంటాయి, పిల్లల హోంవర్కులుంటాయి. పైగా, అంత పొద్దుపోయాక అది సాయంకాల ప్రార్థన ఎట్లయితదని ఒకామె అడిగింది. ఆ సంగతే ఆదివారం పాస్టరు గారిని అడిగాను. ఇంగ్లీషులో దాన్ని వెస్పర్స్ అంటారని, లాటిన్ నుంచి వచ్చిన ఆ మాటకు సాయంత్రమనీ, సాయంత్రం కనిపించే చుక్క అనీ అర్థమని చెప్పారు. తొలినాళ్ల సంఘాల్లో దీపాలు వెలిగించే వేళను బట్టి ఇంకో పేరు కూడా ఉండేదట.

ఇంటికొచ్చి చెబితే అమ్మమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. కరెంటు రాని రోజుల్లో వాళ్ల ఊళ్లో ఇంటికొకటే కందిలి దీపం. గ్యాసునూనె దండగని, నాట్లకు పోయినవాళ్లంతా ఇల్లు చేరేదాకా ముట్టించేవాళ్లు కాదట. ముట్టించగానే ముందు ప్రార్థన, తర్వాత బువ్వ. దీపాల ప్రార్థనన్న పేరు అట్లా వచ్చింది.

"మనం గడియారం పేరు పెట్టలే గద బిడ్డా. మీ అక్క వచ్చినాకనే లైటేద్దాం" అన్నది.

ఆ మాట అందరికీ చెప్పాను. వస్తారో రారో తెలియలేదు. మార్కెట్టు మారిన రోజు మాత్రం వంటలు ముందే కానిచ్చుకుని ఒక్కొక్కరే వచ్చారు. ఫ్యాను తిరుగుతోంది, లైటు లేదు. నోటికొచ్చిన కీర్తనలు చీకట్లోనే పాడుకున్నాం. పైవాటా ఆమె మెట్ల మీద నుంచి కరెంటు పోయిందా అని అడిగింది.

"కరెంటున్నది. మనిషే రాలే" అన్నది అమ్మమ్మ.

ఏడున్నర దాటాక అక్క చెప్పులు విడిచిన చప్పుడైంది. చీకట్లో మమ్మల్నందరినీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మమ్మ ఆమెనే లైటు వేయమన్నది. వేసింది. నేను చదవడం మొదలుపెట్టాను.

అప్పటి నుంచి ఆ స్విచ్చు ఆమెదే. ఈ మధ్య మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి, బస్సులో సీటు దొరకదు. అయినా వస్తోంది, దేవునికి స్తోత్రం. మీ ఇంట్లో సాయంత్రం లైటు వేసేటప్పుడు, బాటసింగారం నుంచి నిలబడి వచ్చే మా అక్కను ఒక్కసారి ప్రార్థనలో తలుచుకోండి.