మా ఈరన్న సిన్నాయన, నాచు డబ్బా

నిన్న పొద్దున ల్యాబ్‌లో గ్లవ్స్ ఏసుకుంటాంటే అమ్మ ఫోన్. సిన్నాయన పోయినాడంట.

ఒక చేతికి గ్లవ్ అట్లే ఉండిపోయింది. బస్సు ఎమ్మిగనూరు దాటినాక చూసుకున్నా.

ఈ పొద్దు కౌతాళంలో మట్టి చేసొచ్చినాము. ఇంకా నమ్మబుద్ధి కావడంలే.

ఈరన్న సిన్నాయన మా నాయనకు తమ్ముడు. పత్తి రైతు. ఆడపిల్లకు సైన్స్ ఎందుకని అందరూ అంటాంటే, నన్ను ఆదోని కాలేజీలో చేర్పించింది ఆయనే.

ముందు ఒక మాట. లివర్ జబ్బుతో పోయినాడనంగానే తాగుడే అనుకుంటాండారు కొందరు. ఆయన ఒక్క సుక్క ముట్టలే. కామెర్ల వైరస్ ఎప్పుడో ఒంట్లో చేరింది, టెస్ట్ చేయించుకోలే. అంతే.

పోయిన సీజన్‌లో, ఆయన జబ్బు బయటపడినాక, ఫోన్ చేసి గొప్పగా చెప్పినా, సముద్రపు నాచులోంచి తీసిన పదార్థాన్ని మేము లివర్ జబ్బు మీద టెస్ట్ చేస్తాండామని. వివరంగా చెప్పలే. తప్పు నాదే.

ఇంట్లో పత్తికి కొట్టే నాచు టానిక్ డబ్బా ఉండాది కదా.

మర్నాడు రెండు మూతలు మజ్జిగలో కలుపుకొని తాగేసినాడు మహానుభావుడు.

ఒకటే వాంతులు. రెండు దినాలు ఆస్పత్రి. నేను పోయి గట్టిగా అరిచినా.

"పత్తి సెట్టుకు బలమిస్తాది, నాకియ్యదా?" అన్నాడు మెల్లగా.

నవ్వాల్నో ఏడ్వాల్నో తెలీలే.

అప్పుడు పక్కన కూర్చోని చెప్పినా. డబ్బాలోది పైరుకు కొట్టేది. మేము నాచులోంచి ఒక్క పదార్థం వేరు చేసి, లివర్ గట్టిపడకుండా ఆపుతాదేమో అని ఎలుకల్లో చూస్తాండాము. మనుషుల దాకా రావాలంటే శానా ఏండ్లు. అసలు పని చేయకపోవచ్చు కూడా.

అంతా విని, ఎలుకలు నాకంటే ముందు లైన్లో ఉండాయన్నమాట అని నవ్వినాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్. ఫస్ట్ అడిగేది ఎలుకలు ఎట్లుండాయని. తన సంగతి అడిగితే మాట మార్చేవాడు.

పోయిన ఆదివారం మాత్రం వేరేగా మాట్లాడినాడు.

"నాకు అందదులే పాపా. నువ్వు తొందరపడి ఎవురికీ ఇయ్యొద్దు. నా మాదిరి తాగేస్తారు."

ఇది చదివేవాళ్లు పొలం డబ్బాలు ముట్టొద్దు. లివర్ టెస్ట్ చేయించుకోండి, ఇంట్లోవాళ్లకూ చేయించండి.

ఎల్లుండి ల్యాబ్‌కు పోతాండాను. తొందరపడను. ఆపను.

నెమ్మదిగా నిద్రపో సిన్నాయనా. ఇంక ఆదివారం నువ్వు ఫోన్ చేయవు గదా, ఈడే చెప్తాండా.

ఎలుకలు బాగుండాయి.