పాసైన బిట్టు

మార్కాపురం హార్డ్‌వేర్ దుకాణాల్లో డ్రిల్లింగ్ మిషన్ బిట్టును ముందు తానే వాడి చూసి, ఆ తర్వాత అమ్మే మనిషి రామసుబ్బయ్య ఒక్కడే. అది కూడా ఖరీదైన బిట్లు కాదు. ప్యాకెట్లలో గుత్తగా వచ్చే చౌక రకం. సరుకు దిగిందంటే చాలు, ఆయన చేతికి మిషనూ కళ్ళకు మెరుపూ వచ్చేస్తాయి.

మొదట చెక్క, తర్వాత ఇటుక, తర్వాత రేకు. దుకాణంలో బొక్క పడని వస్తువు అయిపోయాక ఇంటికి వచ్చేవాడు. పప్పు గరిటె జల్లిగరిటె అయింది. పీటకు గాలాడింది. అవి చూసి భార్య పద్మావతి తల పట్టుకునేది.

"ఏందయ్యా ఇది? పీటకు బొక్కలేంది?"

"టేకు మీద ఎట్ల పోతదో చూసినా."

"ఎట్ల పోయింది?"

"బాగానే పోయింది."

"పీట గూడ పోయింది."

కొనేవాళ్ళకూ ఇది వింతే. ఒకసారి వీరాంజనేయులు అనే ఫిట్టర్ బిట్టు మొనకు అంటిన ఎర్రటి పొడి చూసి, "వాడిన బిట్టు అంటగడతన్నావేందన్నా?" అన్నాడు.

"వాడింది గాదబ్బా, పాసయింది. ఫెయిలయినవి ఆ డబ్బాలో ఉండాయి. అవి కావాల్నా?"

డబ్బాలో వంకరపోయినవి, మొన మాడినవి, నడుము విరిగినవి నిండా ఉన్నాయి. వీరాంజనేయులు పాసయినదే తీసుకుపోయాడు.

పద్మావతి ఇంట్లో తనకంటూ ఒకటే షరతు పెట్టింది: వంటగట్టు జోలికి రాకూడదు. అది నల్లటి నాపరాయి బండ. తనే దగ్గరుండి ఎంపిక చేసి వేయించుకుంది. కూర దించాక మూడుసార్లు తుడిస్తే గానీ ఆమెకు నిద్రపట్టదు. రామసుబ్బయ్య ఒప్పుకున్నాడు, చాలాకాలం మాట మీద నిలబడ్డాడు కూడా.

ఒకరోజు ఆమె గిద్దలూరులో చెల్లెలి ఇంటికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. వంటింట్లోకి అడుగుపెట్టి నిలబడిపోయింది. గట్టు అంచున వరసగా బొక్కలు. రెండింటి మధ్య బండ చీలి, జానెడు ముక్క ఊడి కిందపడి ఉంది. నేలంతా బూడిదరంగు బురద. మధ్యలో రామసుబ్బయ్య చెంబు పట్టుకుని నవ్వుతున్నాడు.

"పద్మా, దొరికింది."

"ఏం దొరికింది? నా గట్టు ఏది?"

"ఈటె మొన ఉండే బిట్టు. మెల్లగా తిప్పి నీళ్ళు పోస్తా ఉంటే బండ చీలదు. ముందు రెండు బిట్లూ చీల్చినాయి. ఇది చీల్చలేదు, చూడు."

పద్మావతి చూడలేదు. సంచి కూడా కింద పెట్టకుండా, "మళ్ళీ గిద్దలూరు బస్సెక్కుతా" అంది. ఆమె మాట అని ఊరుకునే మనిషి కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. చెంబు పక్కన పెట్టి, అప్పుడు చెప్పాడు.

తర్లుపాడు నుంచి యల్లమ్మ అనే పెద్దావిడ కోడలు వెన్నెల దుకాణానికి వచ్చిందట. యల్లమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయి నడుస్తోంది గానీ, పట్టుకోవడానికి ఏమీ లేక ఒంటరిగా స్నానం చేయలేకపోతోంది. కోడలే దగ్గరుండి నీళ్ళు పోయాలి. అది అయ్యేసరికి కూలికి వెళ్ళే ఆటో వెళ్ళిపోతోంది. గోడకు కమ్మీ బిగిద్దామంటే, అది నాపరాళ్ళు నిలబెట్టి కట్టిన గోడ. బొక్క వేస్తే చీలుతుందని మేస్త్రీలు చేతులెత్తేశారు.

"అయితే మన గట్టే దొరికిందా?"

"పెద్దమ్మ బండ పగిలితే మళ్ళీ కట్టుకోలేదు పద్మా. మనది పగిలితే నువ్వు తిడతావు, అంతే గదా."

పద్మావతి ఇప్పుడు ఆ చీలని బొక్క వైపు చూసింది. ఇన్నేళ్ళూ పీటలూ గరిటెలూ ఎవరి గోడల కోసం చిల్లులు పడ్డాయో ఒక్కొక్కటే అర్థమవుతోంది. సంచి కింద పెట్టింది. "పొద్దున్నే నేను గూడ వస్తా. నీళ్ళు పోసేదానికి నీకు చెయ్యి చాలదు" అంది.

మర్నాడు తర్లుపాడులో రామసుబ్బయ్య మిషన్ పట్టాడు, ఆమె చెంబు పట్టింది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూశారు. బిట్టు నిదానంగా దిగి అవతల వైపు తేలింది. బండ చెక్కుచెదరలేదు. బోల్టులు దూర్చి, అవతల నట్లు బిగించి కమ్మీ నిలబెట్టాడు.

యల్లమ్మ మాత్రం దగ్గరికి రాలేదు. "నా బరువుకు ఊడదు గదా, నాయనా?"

రామసుబ్బయ్య చెప్పబోయేలోగా పద్మావతి చీర చెంగు నడుముకు దోపింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని వేలాడింది. పద్మావతి తేలికైన మనిషి కాదు. కమ్మీ కదల్లేదు.

"ఇంకేం గావాల పెద్దమ్మా? నువ్వు నాలో సగం లేవు."

యల్లమ్మ పకపకా నవ్వింది. కమ్మీ పట్టుకుని నిలబడింది, వంగింది, మళ్ళీ లేచింది. "ఇంక అందరూ బయటికి పోండి" అని తలుపు వేసుకుంది. లోపల నీళ్ళ చప్పుడు మొదలైంది. ఒక నిమిషం విని, వెన్నెల అన్నం క్యారియరు అందుకుని కూలి ఆటో కోసం పరుగెత్తింది.

"సుబ్బయ్యా" అని లోపలి నుంచి గొంతు వచ్చింది. "సబ్బు పెట్టుకునేదానికి గూడ ఏదన్నా బిగిస్తావా?"

రామసుబ్బయ్య భార్య వైపు భయంభయంగా చూశాడు. పద్మావతి అప్పటికే చెంబులో నీళ్ళు నింపుతోంది.